పిట్ట ముట్టిందని చెప్పిన ఆడబిడ్డ

మా ఆడబిడ్డ మమతారాణి ఏం పని చేస్తుందని సిరిసిల్లలో మా వాడవాళ్లు నన్ను అడుగుతుంటారు. కంప్యూటర్ పని అంటాను. అందరి పిల్లలూ అదే చేస్తున్నారు కదా, ఈమె హైదరాబాద్ పోకుండా ఇంటి మీది గదిలో కూర్చొని ఎందుకు చేస్తుందని మళ్లీ అడుగుతారు. ఆ గదిలోకి వచ్చి చూసినవాళ్లకు ఇంకా అయోమయం. బల్ల మీద పచ్చటి బోర్డులు, వాటికి ఎర్ర తీగలు, గోడ వారగా పొలం మోటర్లకు బిగించే ఇనుప డబ్బాలు. మోటరు బాగు చేసే దుకాణం పెట్టిందా అని ఒకామె నిజంగానే అడిగింది.

రాణి పనిచేసే కంపెనీ రైతుల బోరు మోటర్లకు పెట్టే డబ్బాలు చేస్తుంది. బోరులో నీళ్లుంటే మోటరు నడవాలి, అయిపోతే దానంతట అదే ఆగాలి. ఆ డబ్బా లోపల చిన్న చిన్న పనులు చాలా నడుస్తాయట. ఒకటి నీళ్లు చూస్తుంది, ఒకటి కరెంటు చూస్తుంది, ఒకటి ఫోనుకు కబురు పంపుతుంది. వాటన్నిటికీ అడుగున ఉండి, ఎవరి వంతు ఎప్పుడో చూసి, పుట్టించి, నడిపించి, చివరికి తీసేసేది ఒకటి ఉంటుంది. దాన్ని కెర్నల్ అంటారు. రాణి రాసేది అది. నేను ఏడో తరగతితో చదువు ఆపినదాన్ని. నాకు అర్థమైనంతే రాస్తున్నాను.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి మా అత్తమ్మ లేదు, మామ లేడు. మా ఆయన లక్ష్మీరాజం సాంచాలు నడిపేవాడు. మరమగ్గాన్ని మేము సాంచా అంటాం. ఆయన చెల్లె ఈ రాణి అప్పటికి ఇంకా బడికి పోనంత చిన్నది, తలనిండా పేలు. నా మొదటి పని ఆ తల దువ్వడం. దువ్వుతుంటే అరిచి, నా చేతిని కరిచి, మళ్లీ నా కొంగు పట్టుకునే పడుకునేది. నాకు పిల్లలు కలగలేదు. ఈమె ఒక్కతే అయింది.

అన్నకూ చెల్లెకూ ఒకే ఒక్క తగాదా ఉండేది. పెండ్లి. రాణి చేసుకోనంటుంది, ఆయన చేసుకోవాలంటాడు. రోజూ పొద్దున చాయ్ తాగేటప్పుడు ఇదే ముచ్చట.

"ఏం చెల్లె, ఇయ్యాలన్న మనసు మారిందా?"

"మారలే అన్నా. చాయ్ తాగు, సల్లగైతది."

"ఆ డబ్బాలనే చేసుకుంటవా మరి?"

"అవి నాతోని లొల్లి పెట్టుకోవు."

ఇలా నవ్వుకునేవాళ్లు. కానీ ఆయనకు లోపల బెంగ ఉండేదని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

పోయిన చలికాలంలో మా ఆయన సాంచాల దగ్గరే కూలబడి పోయాడు. దవాఖానకు తీసుకుపోయే లోపలే అయిపోయింది. దాని గురించి ఇంతకంటే రాయలేను.

మా దిక్కు, మనిషి పోయిన తర్వాత పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, కాల్చినచోట విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడి చూస్తారు. ముట్టిందంటే ఆ మనిషి నిమ్మళంగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలి ఉన్నట్టు. అప్పుడు అక్కడున్నవాళ్లు ఒక్కొక్కరూ ముందుకు వచ్చి, నీ పిల్లలను నేను చూసుకుంటా, నీ పని నేను పూర్తిచేస్తా అని మాట ఇస్తారు. ఆ మాట సరైనదైతే కాకి వస్తుంది. మేము అలాగే నమ్ముతాం.

ఆ రోజు పొద్దున నేను వంట చేస్తూనే పడిపోయాను. బీపీ పెరిగిందని ఆర్‌ఎంపీ సూది వేసి, కదలొద్దన్నాడు. నన్ను ఇంట్లో పడుకోబెట్టి మిగతావాళ్లంతా వైకుంఠధామానికి, అంటే శ్మశానానికి, పోయారు. మధ్యాహ్నం దాటాక రాణి వచ్చింది. కాళ్లు కడుక్కొని నా తల దగ్గర కూర్చుంది.

"ముట్టింది వదినె," అన్నది.

"ఏ ముద్ద ముట్టిందే?"

"మాంసం ముద్ద. రాంగనే అదే పట్టుకుంది."

నేను ఆమె చెయ్యి పట్టుకొని నిద్రపోయాను. ఆయన పోయిన తర్వాత అదే మొదటి నిద్ర.

కాకి ముట్టలేదు. అది నాకు తర్వాత తెలిసింది గాని, చదివేవాళ్లకు ఇప్పుడే చెప్పడం మంచిది. గోడ మీద కాకులు వాలాయట, అటూ ఇటూ చూసి లేచిపోయాయట. అనసూర్యను మేము చూసుకుంటామని నా గురించి ఒకరు మాట ఇచ్చారు. సాంచాల బాకీ పని మేము నేసి ఇస్తామని ఇంకొకరు. కాకి రాలేదు. చివరికి మా ఆయన పెద్దనాయిన హనుమండ్లు రాణి వైపు తిరిగాడు.

"వాని పాణమంత నీ పెండ్లి మీదనే ఉండె బిడ్డా. చేసుకుంట అని ఒక్క మాటను. ఇప్పుడే వస్తది."

రాణి చేతులు జోడించి విస్తరి ముందు నిలబడింది. అందరూ ఆమె నోటినే చూస్తున్నారు. ఆమె ఆ మాట అనలేదు. ఎంతసేపు నిలబడినా అనలేదు. ఎండ ఎక్కింది, వచ్చినవాళ్లకు ఆకలైంది, విస్తరిలోంచి మాంసం పక్కకు తీసి మిగతాది ఆవుకు పెట్టారు. తిరిగి వచ్చే దారిలో హనుమండ్లు మామ అందరినీ ఆపి, అనసూర్యకు మాత్రం ముట్టిందనే చెప్పాలి, లేకపోతే ఆమె కూడా దక్కదు అన్నాడు. రాణితో, "నువ్వే చెప్పు. నీ మాటైతే నమ్ముతది," అన్నాడు.

నమ్మాను. ఆ మాటే పట్టుకొని బతికాను. పలకరించడానికి ఎవరు వచ్చినా, "ఏం బాధ లేకుంట పోయిండు, పిట్ట రాంగనే ముట్టింది," అని చెప్పేదాన్ని. చెప్పేటప్పుడు రాణి పక్కనుంటే లేచి పోయేది. నీళ్లు తెస్తానని పోయేది, గేటు వేస్తానని పోయేది. అన్నను తలచుకొని ఏడుపొచ్చి పోతుందనుకున్నాను. మాంసం తినడం మానేసింది. నేను లేవకముందే వాకిలి ఊడ్చేది, నేను వద్దన్నా నా బట్టలు కూడా పిండేది. ఒకసారి విసుక్కున్నాను.

"నేనేమన్న మంచంల పడ్డనా? నా పని నన్ను చేసుకోనియ్యి."

"చెయ్యనియ్యి వదినె," అన్నది. బతిమాలినట్టు అన్నది. నాకు వింతగా తోచింది గాని అడగలేదు.

ఒకరోజు వంటింట్లో ఇద్దరం కూర్చొని ఎల్లిగడ్డ పొట్టు తీస్తున్నాం. ఊరికే ఉండలేక, నీ డబ్బాలో ఏం రాస్తున్నావు ఈ మధ్య అని అడిగాను.

"చావుల సంగతి రాస్తున్న వదినె," అన్నది. అని, నా మొహం చూసి నాలుక కరుచుకుంది. "పనులు అయిపోవుడు. గదాన్నే అట్లంటం."

"చెప్పు. వింట."

ఆమె చెప్పింది. కెర్నల్ ఒక పనిని మధ్యలో ఆపి ఇంకో పనికి వంతు ఇస్తుంది. నువ్వు పిండి పిసుకుతుంటే గేటు దగ్గర ఎవరో పిలిచారనుకో, చేతిలో ఉన్నది, మనసులో లెక్క, ఎక్కడ ఆపావో ఆ గుర్తు, అన్నీ ఒక పళ్లెంలో పెట్టి పోవాలి. తిరిగి వచ్చాక పళ్లెంలో ఉన్నది ఉన్నట్టు చేతికి తీసుకుంటే, మధ్యలో ఆగినట్టే తెలియదు. చేతిలో ఉన్నవాటిని రిజిస్టర్లు అంటారట. పళ్లెంలో ఒక్కటి తారుమారైనా పని పాడవుతుంది.

"మరి చావులు?"

"ప్రతి పనికి ఒక తల్లి ఉంటది. దాన్ని పుట్టించిందే తల్లి. పని అయిపోయి పొయ్యేటప్పుడు ఒక అంకె చెప్పి పోతది. సున్నా అంటే అంత మంచిగనే అయింది. వేరే ఏ అంకె అయినా ఏదో చెడింది. తల్లి ఆ అంకె కోసం చూస్తది. తల్లి అడిగి తీసుకునేదాంక పోయినదాని పేరు కొట్టెయ్యం. అట్లనే ఉంటది."

"చచ్చినంక కూడనా?"

"ఆ. జాంబీ అంటరు. అంటే దయ్యం అసుంటిది."

"మంచిగున్నది. ఇంటి మీది అర్రల దయ్యాలను సాదుతున్నవన్నట్టు. వాడల చెప్పకు, ఎవలు రారు."

రాణి నవ్వింది. చాలా రోజులకు నవ్వింది. నేనూ నవ్వి, "మీ అన్న అట్ల నడుమ ఉండలే బిడ్డా. అంత మంచిగనే పోయిండు," అన్నాను. ఆమె చేతిలో ఎల్లిగడ్డ రెబ్బ పళ్లెంలో పెట్టి లేచింది. ఎవరో పిలిచినట్టున్నారని గేటు దగ్గరికి పోయింది. ఎవరూ పిలవలేదు. పిలిస్తే నాకూ వినపడేది కదా.

తర్వాత కొద్ది రోజులకే జైనూర్ నుంచి ఫోను వచ్చింది. కంపెనీ కొన్ని డబ్బాలను రైతుల దగ్గర పెట్టి చూస్తున్నది, అమ్మకముందు పరీక్షకు. జైనూర్ గుట్టల మీది ఒక ఊళ్లో గంగుబాయి అనే ఆమె చేనులో ఒకటి పెట్టారు. రాణే పోయి బిగించి వచ్చింది, వాళ్లింట్లో తిని వచ్చింది. ఫోను వచ్చినప్పుడు రాణి చేతికి పిండి ఉండటంతో స్పీకర్ పెట్టాను.

"రాణిబాయీ, నీ డబ్బా మంచిదే. పచ్చ దీపం ఎలుగుతనే ఉన్నది."

"సంతోషం అక్కా."

"మోటరే కాలిపాయె."

రాణి చేతులు ఆగిపోయాయి. "బోర్ల నీళ్లు అయిపోయినయా?"

"నీళ్లుంటె కాలుతదా? పొద్దంత వట్టిగ తిరిగింది. నేను దూరంకెళ్లి చూసిన. పచ్చగుంది కదా, అంత బరోబర్ ఉన్నదనుకొని కట్టెలకు పోయిన. వచ్చేటాల్లకు వాసన."

"కరెంటు ఎక్కువ తక్కువ అయి ఉంటదక్కా," అన్నది రాణి.

"కరెంటు మీద పెట్టకు బాయీ. కరెంటు మాకు ఉండుడే తక్కువ, ఉన్నప్పుడన్న మంచిగనే ఉంటది. నీ డబ్బాను అడుగు, ఎందుకు నవ్వుకుంట కూసున్నదో. జొన్న పొట్ట మీదున్నది. నీళ్లు లేకపోతె గింజ కట్టక తాలు పోతది."

ఫోను పెట్టేశాక రాణి పిండి చేతులతోనే మీదికి పోయింది. ఆ రోజు రొట్టెలు నేనే చేశాను. మరునాడంతా ఆమె కిందికి రాలేదు. అన్నం తీసుకొని పోతే, బల్ల మీద ఒక డబ్బా తెరిచి, నీళ్ల తీగను గిన్నెలో ముంచుతూ తీస్తూ ఉన్నది. తీగ బయట ఉన్నా పచ్చ దీపమే. ముంచినా పచ్చ దీపమే.

"తిని చెయ్యి," అన్నాను.

"దొరికింది వదినె," అన్నది. మొహంలో సంతోషం లేదు.

కూర్చొని విన్నాను. నీళ్లు చూసే పని సరిగానే చూస్తుంది. నీళ్లు లేవని తెలుసుకొని, చెడింది అనే అంకెను చేతిలో పట్టుకొని, నేను పోతున్నానని కెర్నల్‌కు చెబుతుంది. కెర్నల్ అలవాటు ప్రకారం దాని చేతిలో ఉన్నవన్నీ పళ్లెంలో దాచుతుంది. పోయేది చెప్పిన అంకె ఆ పళ్లెంలో ఒక మూల ఉంటుంది. ఏ పనికైనా కెర్నల్ తిరిగి ఇచ్చే జవాబు కూడా అదే మూలలో పెట్టాలి. రాణి ఏం చేసిందంటే, జవాబు లేనప్పుడు పాత చెత్త ఏదో జవాబుగా పోకుండా ఉండాలని, ఎవరు ఏం అడగడానికి వచ్చినా ముందు ఆ మూలలో సున్నా పెట్టేసింది. వచ్చినవాళ్లు ఏం తెచ్చారో చదవకముందే పెట్టేసింది. అడగడానికి వచ్చిన పనులు ఏం కావాలో వేరే మూలలో పెడతాయి కాబట్టి వాటికి నష్టం కాలేదు, వాటి జవాబు తర్వాత ఎలాగూ వస్తుంది. పోయే పనుల అంకె మాత్రం చెరిగిపోయింది. ఏది ఎంత చెడి పోయినా తల్లికి సున్నాయే అందుతున్నది, అంతా బాగుందనుకొని అది మోటరు ఆపడం లేదు.

"ముందు చదివి, తర్వాత సున్నా పెడితే అయిపాయె. రాసిన దాంట్ల ఒక్క లైను కిందికి జరుపుడే," అన్నది.

"ఎప్పుడు రాసినవే ఇది?"

"అన్న పోయినంక మళ్ల పని మొదలువెట్టిన దినం."

ఆ లైను జరిపింది. తీగ గిన్నెలోంచి తీసింది. ఎర్ర దీపం వెలిగింది, మోటరు బదులు పెట్టిన చిన్న పంకా ఆగిపోయింది. నేను అన్నం గిన్నె ఆమె ముందుకు జరిపాను. ఆమె దాన్ని ముట్టలేదు.

"వదినె. పిట్ట ముట్టలే."

"ఏ పిట్టనే?" అన్నాను.

"ఆ దినం ముట్టలే. నేను నీకు అబద్ధం చెప్పిన. హనుమండ్లు పెద్దబాపు చెప్పుమన్నడు గని, చెప్పింది నేనే. మాంసం ముద్ద అని గూడ నేనే కల్పించిన. అది ఎవ్వలు చెప్పుమనలే."

తర్వాత అక్కడ జరిగిందంతా చెప్పింది, నేను పైన రాసినట్టే. తలవంచి, గొంతు పెంచకుండా, ఏదీ తనవైపు తిప్పుకోకుండా చెప్పింది. వింటుంటే నాకు ముందు సిగ్గేసింది. వచ్చినవాళ్లందరికీ చాయ్ ఇచ్చి మరీ చెప్పుకున్నాను కదా. అందులో కొందరు ఆ రోజు అక్కడే ఉన్నవాళ్లు. తల ఊపుకుంటూ విన్నారు. సిగ్గు వెనుకనే కోపం వచ్చింది.

"నాకు అబద్ధం చెప్పనీకె నోరొచ్చింది గద. గా పెండ్లి మాట అననీకె రాలేదా? ఉత్తగనే అంటె ఏం పోతుండె? నీ అన్నకే గద."

రాణి నీళ్ల తీగను బల్ల మీద పెట్టి నా వైపు తిరిగింది.

"నీకు చెప్పింది ఎప్పటికన్న దిద్దుకోవచ్చనుకున్న వదినె. నువ్వు ఎదురుంగ ఉంటవు. అన్నకు ఉత్తమాట ఇస్తె, మళ్ల యాడికి పోయి దిద్దుకోవాలె?"

నేను లేచి కిందికి వచ్చాను.

కొన్ని రోజులు ఇంట్లో మాటల్లేవు. వండి పెట్టేదాన్ని, ఆమె తిని గిన్నె కడిగి పోయేది. నా మనసు ఊరికే ఉండేది కాదు. పెండ్లి మాట కోసమే కాకి రాలేదని ఎవరు చెప్పగలరు? హనుమండ్లు మామకు తోచింది ఆయన అన్నాడు. మా ఆయన కోరిక నా గురించి అయి ఉండొచ్చు. నేను పోయి ఆ విస్తరి ముందు నిలబడి ఉంటే, ఏం మాట ఇచ్చేదాన్ని? ఒకవేళ ఆయన నా కోసమే చూసి ఉంటే? మంచం మీద సూది వేయించుకొని పడుకున్నదాన్ని నేను. అంతమంది మధ్య ఒంటరిగా నిలబడింది ఆ పిల్ల. అలా అనుకున్నప్పుడు కోపం తగ్గేది. తెల్లారి ఆమె వాకిలి ఊడ్చే చప్పుడు వింటే మళ్లీ వచ్చేది.

ఆ రోజుల్లోనే ఆమె గంగుబాయికి ఫోను చేయడం విన్నాను. మెట్ల మీద కూర్చొని చేసింది.

"తప్పు కరెంటుది కాదక్కా. నాదే. నేను రాసిన దాంట్లనే ఉండె. నీకు కరెంటని చెప్పుడు గూడ తప్పే."

అవతల గంగుబాయి ఏమన్నదో నాకు వినపడలేదు. రాణి, "కంపెనీ కొత్త మోటరు పెడుతది. డబ్బా మార్చనీకె నేనే వస్త," అన్నది. మళ్లీ విన్నది. "జొన్న?" అన్నది. తర్వాత ఫోను పెట్టేసింది. నేను అడగకుండానే, నన్ను చూసి చెప్పింది.

"సగం తాలు పోయిందట. మోటరు మళ్ల తెస్తవు గని జొన్నను తెస్తవా అన్నది. తిట్టలే. తిడితే మంచిగుండేది."

నాకు ఆమెను దగ్గరికి తీసుకోవాలనిపించింది. తీసుకోలేదు. ఎండబెట్టిన బట్టలు తీసుకురమ్మన్నాను. అన్ని రోజుల తర్వాత నేను ఆమెతో అన్న మొదటి మాట అదే.

మందమర్రి నుంచి కనకవ్వ అత్త వచ్చింది మొన్న. మా ఆయనకు మేనత్త. బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసే కొడుకు క్వార్టర్‌లో ఉంటుంది. మోకాలి ఆపరేషన్ అయి ఉండటంతో చావుకు రాలేకపోయింది, ఇప్పుడు కర్ర పట్టుకొని వచ్చింది. వచ్చి కూర్చొని ఇద్దరినీ పట్టుకొని ఏడ్చింది. మేమూ ఏడ్చాం. తర్వాత ముక్కు తుడుచుకొని, రాణి తెచ్చిన చాయ్ చేతిలోకి తీసుకుంది.

"ఏం చేస్తం బిడ్డా. అయినా అదృష్టవంతుడు. పిట్ట రాంగనే ముట్టిందట గద. మందమర్రి దాంక వచ్చింది ముచ్చట."

ఆ ముచ్చట అక్కడిదాకా మోసింది నేనే. నా ఫోనే. రాణి గోడకు ఆనుకొని నిలబడి ఉంది. ఈసారి గేటు దగ్గరికి పోలేదు. నేను ఒక్క మాట అనకుండా తల ఊపితే చాలు, ఆ ముసలమ్మ నిమ్మళంగా చాయ్ తాగి పోతుంది. రాణి కూడా నన్ను తప్పుపట్టదు. తప్పుపట్టే స్థితిలో ఆమె లేదు.

"ముట్టలే అత్తా," అన్నాను.

కనకవ్వ అత్త చాయ్ కింద పెట్టింది. "అదేందే?"

"ముట్టలే. నాకు పాణం బాగలేకుండె, నా కోసమని ముట్టిందని చెప్పిండ్రు. నేను తెల్వక అందరికి చెప్పిన."

"అయ్యో. మరి ఏం మనాది ఉండెనో వానికి." అంటూనే ఆమె కళ్లు రాణి మీదికి పోయాయి. అందరి కళ్లూ అటే పోతాయి. "పెండ్లి మాటనే అయి ఉంటది. నువ్వు మాటియ్యకపోతివా బిడ్డా?"

"ఇయ్యలేదత్తా," అన్నది రాణి. మాట స్పష్టంగానే వచ్చింది.

"ఎందుకియ్యవు? ఒక్క మాట. ఇంతపొడువు ఉన్నవు, ఇంత చదువుకున్నవు."

రాణి నా వైపు చూసింది. ఆమె చిన్నప్పుడు తల దువ్వేటప్పుడు కూడా అలా సాయం అడిగే చూపు చూడలేదు. నేను ఆమె పక్షాన ఉన్నానో లేదో నాకే ఇంకా తెలియదు. లోపల ఎక్కడో, ఒక్క మాట అంటే ఏం పోయేది అనే ముల్లు ఇంకా ఉంది. అది పోతుందని ఆమెకు చెప్పలేదు, చెప్పను కూడా.

"నిలవెట్టుకోలేని మాట రాణి ఇయ్యలే అత్తా. పెండ్లి చేసుకుంటనని నాకు కూడ ఎన్నడు చెప్పలే. అడగకు," అన్నాను.

కనకవ్వ అత్త చాయ్ మళ్లీ చేతిలోకి తీసుకుంది. తర్వాత, మోకాలు నొప్పిగా ఉందని, కాలు చాపుకోవడానికి పీట కావాలంది. రాణి పోయి పీట తెచ్చి, ఆమె కాలు ఎత్తి దాని మీద పెట్టింది.